బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి – రెండో భాగం: కామాటీలు పూడ్చిన నేల

గత భాగంలో బొగ్గుబాయిలోకి దిగాం. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టడం, 1889లో తవ్వకం మొదలవడం, పొలం చేజారిన రైతుబిడ్డ దీపం పట్టుకుని నేలకిందికి నడవడం చెప్పుకున్నాం. ఆ గని కార్మికుడికి ఎంత కష్టమున్నా ఊరు మరీ దూరం కాలేదు. పండగకో, చావుకో ఇల్లు చేరగలిగేవాడు. ఈ భాగంలో కలవబోయేవాళ్లకు ఆ వీలు కూడా లేదు.

"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మాటను తెలంగాణ పల్లెల్లో ఒక్కొక్కరు ఒక్కో వరసలో అంటారు. ఏ వరసలో అన్నా అర్థం ఒకటే. ఊళ్లో బతుకు సాగనివాడికి మిగిలిన దిక్కులు ఈ మూడే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ సభల్లో ఈ మాట మారుమోగింది, పత్రికలకెక్కింది. కానీ మాట కంటే దాని వెనకున్న బతుకు చాలా పాతది. మూడింటిలోనూ ముందు పుట్టింది బొంబాయి వలసే. సింగరేణిలో మొదటి తట్ట బొగ్గు పైకి వచ్చేనాటికి బొంబాయిలో తెలుగు కూలీలు తొంభై ఏళ్లుగా మట్టి మోస్తున్నారు. అందుకే ఇప్పుడు వరస తప్పి, కాలంలో వెనక్కి వెళ్లాలి.

18వ శతాబ్దంలో బొంబాయి అంటే ఏడు దీవులు. పోటు వేళ సముద్రం దీవుల మధ్యకు చొరబడేది. ఆటు వేళ వెనక్కి పోతూ బురద, ఉప్పునీటి మడుగులు, జ్వరాలు మిగిల్చేది. గవర్నర్ విలియం హార్న్‌బీ ఈ చొరబాటును ఆపడానికి మహాలక్ష్మి, వర్లి మధ్య కట్ట వేయించాడు. 1784 నాటికి అది పూర్తయింది. సముద్రం ఆగింది. కానీ కట్ట వేసినంత మాత్రాన నగరం రాదు. దాని వెనక మిగిలిన పల్లాన్ని పూడ్చాలి, రాయి కొట్టాలి, బాటలు వేయాలి, గోడలు లేపాలి. కట్టకు గవర్నర్ పేరు మిగిలింది. పల్లం పూడ్చినవాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు. వాళ్ల పని పేరు మాత్రం ఒక వాడకు మిగిలింది.

అదే కామాటిపుర. కామాటి అంటే మట్టిపని, మోతపని చేసే మనిషి. అది కులం పేరు కాదు. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉంది. బొంబాయిలో మాత్రం ఆ మాట నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లందరికీ అతుక్కుపోయింది. మున్నూరుకాపులు, పద్మశాలీలు, మాలలు, మాదిగలు, ఊళ్లో ఎవరి వాడ వారిదిగా బతికినవాళ్లు, బొంబాయి కళ్లకు కామాటీలయ్యారు. 1795 తర్వాత వాళ్లు తాము పూడ్చిన పల్లంలోనే గుడిసెలు వేసుకున్నారు. తరవాత బెలాసిస్ రోడ్డుకూ గ్రాంట్ రోడ్డుకూ మధ్య, అంకెలతో పిలిచే గల్లీల వాడగా అది స్థిరపడింది. ఒకటో గల్లీ, రెండో గల్లీ అంటూ పద్నాలుగు దాకా. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడికి చదువు రాకపోయినా అంకె గుర్తుంటే చాలు, మనవాళ్ల గుమ్మం దొరికేది.

నిజాం రైలు వాడి నుంచి సికింద్రాబాద్ చేరింది 1874లో. అంతకుముందు చాలా ఏళ్ల పాటు వచ్చినవాళ్లకు నడకే దిక్కు, కలిగినవాళ్లకు ఎడ్లబండి. తెలంగాణ నుంచి షోలాపూర్, పుణె దాటి, కనుమలు దిగితేగాని కొంకణ తీరం రాదు. దారిలో కూలి దొరికినచోట ఆగడం, నాలుగు డబ్బులు చేతికొస్తే మళ్లీ కదలడం.

ఎందుకు వచ్చారంటే కరువు అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. కరువు నిజమే. 1876–78 మహాకరువు దక్కన్ అంతటినీ ఎండగట్టింది. అయితే కరువు ఊరందరి మీదా వచ్చింది, ఊరు విడిచింది మాత్రం కొందరే. ఆ కొందరెవరో చూస్తే అసలు కారణం తెలుస్తుంది. సొంత భూమి లేనివాళ్లు, ఉన్న గుంట భూమి అప్పు కింద పోయినవాళ్లు, నాగు తెచ్చుకున్న గింజలకు పంటంతా కొలిచినా బాకీ తీరనివాళ్లు, దొర గడిలో వెట్టి చేసి చేసి విసిగినవాళ్లు. బొంబాయిలో పని తేలిక కాదు. కానీ సాయంత్రానికి కూలి డబ్బు రూపంలో చేతికొచ్చేది. వెట్టి తప్ప వేరే లెక్క ఎరగని మనిషికి ఆ నాలుగు నాణేలు ఎంత పెద్ద విషయమో ఇప్పుడు ఊహించడం కూడా కష్టం. నేతపనివాళ్ల కథ కొంచెం వేరు. మిల్లుబట్ట చవకగా సంతల్లోకి వచ్చి వాళ్ల మగ్గాన్ని ఆపేసింది. ఆ బట్ట నేసే చోటికే వాళ్లు వెళ్లాల్సి వచ్చింది.

ఇలా ఊరు విడవడానికి చైనా భాషలో నాలుగక్షరాల పాత నుడికారం ఒకటి ఉంది. బావికి వీపు తిప్పి ఊరు విడవడం అని దాని అర్థం. మంగోలులు చైనాను ఏలిన యువాన్ వంశ కాలంలో మా జియువాన్ అనే నాటకకర్త ఆ మాట వాడాడు. పల్లె వదిలి పరాయి చోటికి పోయే కూలీల గురించి చైనా పత్రికలు ఇప్పటికీ అదే మాట రాస్తాయి. అక్కడ ఊరంటే నీళ్లు చేదుకునే బావి. మన మాటలోనూ బాయే ఉంది, అదీ మూడుసార్లు. మూడింటిలో ఒక్కదానిలోనూ తాగడానికి నీళ్లు లేవు. మోట కొట్టిన సొంత బాయి ఎండిపోయి, పూడిక తీయని చెరువు మెట్టగా మారితే, మనిషి ఈ నీళ్లులేని బాయిల వెంట తిరిగాడు. ప్రాస కోసం పుట్టినట్టు కనబడే ఈ మాటను అందుకే తేలిగ్గా తీసుకోలేను.

1860ల్లో బొంబాయి జాతకం మారింది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఇంగ్లండుకు ఆగిపోవడంతో మన పత్తికి ధర లేచింది. డబ్బు వరదలా వచ్చింది. గవర్నర్ బార్టిల్ ఫ్రియర్ కాలంలో పాత కోట గోడలు కూల్చేశారు. వాటి స్థానంలో హైకోర్టు, విశ్వవిద్యాలయం, విక్టోరియా టెర్మినస్ లేచాయి. ఈ భవనాల గురించి రాసే పుస్తకాలు వాస్తుశిల్పుల పేర్లు తప్పకుండా చెబుతాయి. రాయి ఎత్తినవాళ్లను, వాళ్లను కూడగట్టిన గుత్తేదారులను చెప్పేవి తక్కువ.

కామాటిపుర నుంచి గొప్ప గుత్తేదారులు వచ్చారు. వెంకు బాలాజీ కాలేవార్ వాళ్లలో ఒకరు. టెర్మినస్‌కు ఎదురుగా నిలబడ్డ బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ భవనానికి 1884లో వైస్రాయ్ రిప్పన్ పునాదిరాయి వేశాడు. ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ గీసిన ఆ భవనాన్ని 1893కల్లా కట్టి నిలబెట్టిన గుత్తేదారు కాలేవారే. ఆ పేరు చివరి 'వార్' మన 'వారు'. మహారాష్ట్రలో ఇలా ముగిసే ఇంటిపేర్లు ఎన్నో కనబడతాయి, చాలావాటి వేరు గోదావరికి ఈవలే ఉంది. జయా కరాడీ లింగూ, నాగూ సయాజీ, రామయ్య వెంకయ్య అయ్యవారు కూడా ఈ కోవలోనివాళ్లే. ప్రభాదేవిలో నాగూ సయాజీ వాడి నేటికీ ఆ పేరుతోనే ఉంది.

వాళ్లు డబ్బు సంపాదించారని కాదు వాళ్ల గురించి ఇంతగా చెబుతున్నది. ఆ డబ్బుతో ఎవరి పక్కన నిలబడ్డారన్నది చూడాలి. 1873 సెప్టెంబరు 24న పుణెలో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజం స్థాపించారు. పూజారి లేకుండా పెళ్లి, శూద్ర అతిశూద్రులకు చదువు, పుట్టుకతో వచ్చే పెద్దరికం చెల్లదన్న మాట పుణె పండితులకు మింగుడుపడలేదు. బొంబాయిలో ఆ సమాజానికి వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో కామాటిపుర తెలుగువాళ్లు ముందున్నారు. కాలేవార్, జయా కరాడీ లింగూ, అయ్యవారు ఫూలేకు ఆప్తులు. ఫూలే స్వయంగా పుణెలో కట్టడాలకు గుత్తలు తీసుకున్న మనిషి. సున్నం, రాయి, కూలీల హాజరు తెలిసినవాళ్ల మధ్య కలిసిన స్నేహం అది. ఊళ్లో గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతల మనవలు, ఇక్కడ తలెత్తి అడగడం నేర్చుకున్నారు.

1877లో కృష్ణారావు భాలేకర్ పుణెలో మొదలుపెట్టిన 'దీనబంధు' పత్రికను 1880లో నారాయణ మేఘాజీ లోఖండే బొంబాయిలో చేపట్టారు. సత్యశోధకుడైన ఆయన 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టారు. ఆదివారం సెలవు కావాలని ఏళ్ల తరబడి పోరాడి 1890లో సాధించారు. ఈ రోజు మనమంతా అనుభవిస్తున్న ఆ సెలవు వెనక బొంబాయి కార్మికవాడల చెమట ఉంది.

1896 సెప్టెంబరులో మాండవి రేవు దగ్గర ప్లేగు బయటపడింది. గాలి ఆడని చిన్న గదుల్లో పదిమందేసి ఉండే కామాటిపురలోకి అది త్వరగానే వచ్చింది. లక్షలమంది నగరం వదిలి పారిపోయారు. చిత్రమేమంటే, ఊరి నుంచి పారిపోయి వచ్చినవాళ్లు మళ్లీ ఊరికే పారిపోవాల్సి వచ్చింది. కొన్ని నెలలకు తిరిగి వచ్చేశారు. ఊళ్లో ప్లేగు లేకపోవచ్చు, తిండీ లేదు. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి ఇరుకు వాడలు కూల్చి వెడల్పు బాటలు వేశారు. కూలిన గుడిసెల్లో ఉన్నవాళ్లకు కొత్త గదులు దొరికింది తక్కువే.

అప్పటికే కామాటిపురకు ఇంకో పేరు పడింది. సైనికుల కోసం, నావికుల కోసం ఐరోపా నుంచి, జపాన్ నుంచి కూడా స్త్రీలను తెచ్చి ఆ వాడలో కొన్ని గల్లీల్లో కూర్చోబెట్టారు. పాలకులు అన్నీ తెలిసి ఆ వ్యాపారాన్ని అక్కడ కట్టడి చేసి ఉంచారు. తరవాత నేపాల్, కర్ణాటక, ఆంధ్ర నుంచి పేదింటి ఆడపిల్లలు ఆ వంతుకు బలయ్యారు. దేశమంతా కామాటిపుర అంటే ఆ ఒక్క అర్థమే తెలుసుకుంది. 'గంగూబాయి కాఠియావాడి' సినిమా విడుదలకు ముందు అక్కడి నివాసులు వీధికెక్కి అభ్యంతరం చెప్పింది ఇందుకే. ఆ స్త్రీల బతుకు సిగ్గుపడాల్సింది కాదు, వాళ్లను అమ్మినవాళ్లే సిగ్గుపడాలి. కానీ నగరం పునాది పూడ్చిన కూలీల పేరును నగరమే వెక్కిరింతగా మార్చుకోవడం నన్ను బాధిస్తుంది.

ఇక మిల్లులు. కావస్‌జీ దావర్ పెట్టిన మొదటి నూలుమిల్లు 1856లో నడిచింది. యాభై ఏళ్లలో పరేల్, లాల్‌బాగ్, వర్లి పొగగొట్టాలతో నిండిపోయాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పద్మశాలీలు అటు తిరిగారు. మిల్లులో ఉద్యోగమంటే కాగితం మీద రాసి ఇచ్చేది కాదు. కూలీలను పనిలో పెట్టే జాబర్ దయ ఉండాలి. వాడి చేయి తడపాలి. పొద్దున్నే గేటు ముందు నిలబడితే, ఎవడైనా రానిరోజు ఆ చోట 'బదిలీ'గా లోపలికి పిలుస్తారు. లేకపోతే ఆ పూటకు ఖాళీ చేతులతో గదికి. పఠాను వడ్డీవాడు జీతం రోజున గేటు బయట కాచుకుని ఉండేవాడు. నాగు తప్పించుకుని వచ్చిన మనిషికి ఇక్కడ పఠాను ఎదురయ్యాడు.

ఊళ్లో ఉన్న అంటు కూడా రైలెక్కి వచ్చింది. నేతఖాతాలో కూలి ఎక్కువ. అయితే కండె మార్చినప్పుడల్లా నాడె కంతలోంచి పోగును నోటితో పీల్చి లాగాలి. ఒకరి నోరు తగిలినది మరొకరు ముట్టాల్సి వస్తుందని, దళితులను ఆ ఖాతాలోకి రానిచ్చేవాళ్లు కాదు. తక్కువ కూలి వచ్చే వడుకు ఖాతాలే వాళ్లకు మిగిలాయి. 1928లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మిల్లులన్నీ ఆగిన పెద్ద సమ్మెలో అంబేడ్కర్ ఈ అన్యాయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టారు. యజమాని మీద పోరాటంలో భుజం కలిపినవాడే నాడె దగ్గర పక్కకు జరగమంటే అది ఎలాంటి ఐక్యత అన్నది ఆయన ప్రశ్న. తెలుగువాళ్లు ఉండే ఒంటిగది చాళ్లలోనూ ఆ ప్రశ్న అంతే సూటిగా తగులుతుంది.

1920ల్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లి, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్డీలలో చాళ్లు కట్టింది. బీడీడీ చాళ్లంటే అవే. ఒక్కో గది 160 చదరపు అడుగులు. ఒక్కో భవనంలో 80 గదులు. మరుగుదొడ్లు అంతస్తంతటికీ ఉమ్మడి. వర్లి చాళ్లలో తెలుగు బాగా స్థిరపడింది. మగవాళ్లు వంతులవారీగా నిద్రపోయేవారు. రాత్రి పాళీ చేసి వచ్చినవాడు పడుకోవడానికి, పగటి పాళీవాడు లేచి చాప వదలాలి. పెళ్లాం బిడ్డలు ఊళ్లో ఉంటారు. నెలకోసారి మనియార్డర్ వెళుతుంది. కొన్నేళ్లకు భార్య కూడా వచ్చి చేరితే ఆ గదిలోనే పొయ్యి, పురుడు, బతుకమ్మ పేర్చే తాంబాళం. మార్కండేయ జయంతులు, భజన మండళ్లు, కుల సంఘాలు, కార్పొరేషన్ నడిపిన తెలుగు బడులు అన్నీ ఈ ఇరుకులోనే పుట్టాయి.

ఇంత కష్టపడ్డవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు సభల్లో "కష్టపడితే ఫలితం ఉంటుంది" అని ముగించడం అలవాటు. చైనాలో దానికి తగిన నుడికారం చాలా ప్రసిద్ధం. చితుకుల మీద పడుకుని పిత్తం రుచి చూడటం. దాని వెనక ఒక రాజు ఉన్నాడు. క్రీస్తుపూర్వం 494లో యువె రాజు గోజియెన్, వూ రాజు ఫుచాయ్ చేతిలో ఓడి లొంగిపోయాడు. తిరిగి దేశం చేరాక పరాభవం మరిచిపోకుండా జంతువు పిత్తాశయాన్ని కళ్లెదుట వేలాడదీసుకుని, అన్నం తినేముందు దాని చేదు నాలుకకు తగిలించుకునేవాడట. తానే దున్నాడని, రాణి స్వయంగా బట్ట నేసిందని చరిత్రకారుడు సీమా చియెన్ రాశాడు. చితుకుల పడక ఆయన రాతలో లేదు, వెయ్యేళ్లు దాటాక కవి సూ షీ కాలానికి వచ్చి చేరింది. క్రీస్తుపూర్వం 473లో గోజియెన్ వూ రాజ్యాన్ని నేలమట్టం చేశాడు.

గొప్ప కథే. కానీ ఆ చేదు ఆయన కోరి నాకినది. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు పక్కన పెట్టగలడు. పైగా చివర్లో గెలుపు ఉంది. చాపను వంతులేసుకుని పంచుకున్న కార్మికుడు ఆ కష్టాన్ని కోరుకోలేదు. అందుకే ఆ రాజు నుడికారాన్ని మన కూలీలకు తొడగడం నాకు ఇష్టం లేదు. మన మాటలో గెలుపు లేదు, ఒక బాయి తరవాత ఇంకో బాయి ఉంది, అంతే.

1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెతో ఆ సంగతి మళ్లీ రుజువైంది. మిల్లుల్లో చట్టం గుర్తించిన సంఘం రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్ ఒక్కటే. 1946 నాటి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం యజమానులతో మాట్లాడే హక్కు దానిదే. కార్మికుల నమ్మకం మాత్రం దాని మీద పోయింది. వాళ్లు కార్మిక నేత డాక్టర్ దత్తా సామంత్ ఇంటికి వెళ్లి నాయకత్వం వహించమన్నారు. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. సంఘానికీ సామంత్‌కూ మధ్య పోరు ఒకవైపు, ఆయన్ను ఎదగనివ్వకూడదన్న ప్రభుత్వ పట్టుదల మరోవైపు, పాతబడ్డ మిల్లుల కన్నా మిల్లుల కింద ఉన్న నేల విలువైనదని గ్రహించిన యజమానులు ఇంకోవైపు. నెలలు గడిచాయి. చాళ్లలో పుస్తెలు తాకట్టుకెళ్లాయి. సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. మిల్లులే ముగిశాయి. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది.

తెలుగు నేతకార్మికుల్లో కొందరు భివండి మరమగ్గాల మీదికి వెళ్లారు, కొందరు సిరిసిల్ల తిరిగివచ్చి సాంచాలు నడిపారు. బొంబాయి దారి మాత్రం మూతపడలేదు. ఈసారి పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, కదిలింది. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే, అక్కడి పొలాలకు ఆ నీళ్లు అందలేదు. గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు తీసుకుని దేశమంతటా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీ, సొంత ఊళ్లో నీళ్లు లేక బొంబాయి నాకాల మీద పొద్దున్నే పని కోసం నిలబడ్డాడు. 1993 ప్రాంతంలో మహబూబ్‌నగర్ నుంచి ముంబైకి వారానికి ఒక్క బస్సు ఉండేదని, 2003 నాటికి అవి వారానికి 34 అయ్యాయని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ఆ పదేళ్లలో జిల్లా గురించి వచ్చిన నివేదికలన్నిటి కన్నా ఆ రెండు అంకెలే నాకు ఎక్కువ చెప్పాయి.

కొత్తగా వచ్చినవాళ్లకు కామాటిపురలో చోటు లేదు. వాళ్లు శివార్లకు, మురుగుకాలువల గట్లకు, ధారావికి వెళ్లారు. ధారావి ఒకప్పుడు మిఠీ వాగు పక్కన కోలీ జాలరుల పల్లె. నగరం తనకు వద్దనుకున్న తోళ్ల పనిని, కుండల ఆవాలను అటు తోసింది. తిరునల్వేలి తమిళులు, సౌరాష్ట్ర కుమ్మరులు, వాళ్ల మధ్య తెలుగువాళ్లు. అక్కడా కథ 1795 నాటిదే. చిత్తడి నేలలో చెత్త, మట్టి, కొబ్బరి పీచు వేసి తొక్కి గట్టిపరిచింది ఉండడానికి వచ్చినవాళ్లే. నేల గట్టిపడి ధర పలికేసరికి, నీ దగ్గర కాగితం ఏది, ఏ ఏడాదికి ముందు వచ్చావు అని అడుగుతారు. ఇప్పుడు ధారావి, బీడీడీ చాళ్లు, కామాటిపుర మూడింటినీ పడగొట్టి కొత్తగా కట్టే పనులు, ప్రణాళికలు నడుస్తున్నాయి. వర్లిలో కొన్ని కుటుంబాలు పెద్ద ఫ్లాట్లలోకి చేరాయి కూడా. 160 చదరపు అడుగుల్లో నాలుగు తరాలు గడిపినవాళ్లకు అది దయ కాదు, ఎప్పుడో రావాల్సిన బాకీ. ధారావిలో ఆ బాకీ ఎవరికి తీరుతుంది, ఎవరిని నగరం బయటికి పంపుతుంది అన్నది ఇంకా తేలలేదు.

1973లో అరబ్బు దేశాలు చమురు ధర పెంచినప్పుడు ఎడారిలో నగరాలు లేవడం మొదలైంది. మేస్త్రీలు, కూలీలు కావాలని కబురు వచ్చింది. ఆ కబురు కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు చేరింది బొంబాయి మీదుగానే. ఏజెంట్లు ఇక్కడే, విమానం ఇక్కడి నుంచే, వీసా కోసం నెలల తరబడి తలదాచుకున్నది ఈ చాళ్లలోనే. పాస్‌పోర్టు చేతికి రాకముందే మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మొదలవుతుంది. 1983లో వలస చట్టం ఎందుకు తేవాల్సి వచ్చిందో, అది ఎవరిని కాపాడిందో, ఎవరిని కాపాడలేకపోయిందో వచ్చే భాగంలో దుబాయి దారి పట్టి చూద్దాం.